శ్రుతి తప్పే యంత్రాలు

ఎలక్ట్రిక్ గిటార్‌ను దానంతట అదే శ్రుతి చేసుకునేలా చేసే అమరిక పని ఒక చక్రంలా సాగుతుంది. తీగ మీటగానే సెన్సర్ ఆ కంపనాన్ని పట్టుకుంటుంది. చిన్న ప్రాసెసర్ దాని పౌనఃపున్యాన్ని లెక్కగట్టి, ఉండవలసిన స్వరంతో పోల్చి చూస్తుంది. తేడా కనిపిస్తే బిరడలోని మోటారును అటో ఇటో తిప్పుతుంది. తీగ మళ్ళీ మోగితే మళ్ళీ వింటుంది. తేడా హద్దులోకి వచ్చేదాకా ఇదే వరస. వచ్చాక పచ్చ దీపం వెలుగుతుంది. ఈ మొత్తంలో యంత్రానికి తెలిసినవి రెండే: తాను విన్న పౌనఃపున్యం, తాను తిప్పిన మోటారు. ఆ రెండింటి మధ్య ఉన్న తీగ, తల వైపు తీగలు ఆనే నట్, రెండో కొసన ఆనే బ్రిడ్జి, చెక్క మెడ ఎలా ఉన్నాయో దానికి తెలియదు. అందుకే ఇలాంటి గిటార్ మొండికేసినప్పుడు నింద మోటారు మీద పడుతుంది గాని, లోపం చాలాసార్లు మోటారు బయటే దొరుకుతుంది.

ఈ యంత్రాల చరిత్ర చిన్నదే అయినా ఒడిదుడుకులు ఎక్కువ. 1980లలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో నీల్ స్కిన్ తయారుచేసిన ట్రాన్స్‌పెర్ఫార్మెన్స్ అమరిక మోటార్లతో తీగల చివరలను లాగి శ్రుతి మార్చేది. లెడ్ జెపెలిన్ బృందానికి చెందిన జిమ్మీ పేజ్ తన లెస్ పాల్ గిటార్‌కు దాన్ని పెట్టించుకున్నాడు. అది బరువైనదీ ఖరీదైనదీ కావడంతో మామూలు వాద్యకారుల దాకా రాలేదు. 2007 డిసెంబరులో గిబ్సన్ కంపెనీ రోబోట్ గిటార్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అందులోని సాంకేతికత జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన ట్రానికల్ సంస్థది. 2013లో అదే సంస్థ అమరిక మిన్-ఇట్యూన్ పేరుతో, గిటార్ తల వెనక ఒదిగిపోయే చిన్న పెట్టెగా మారింది. 2015లో జి-ఫోర్స్ పేరుతో తన ఎలక్ట్రిక్ గిటార్లలో ఎక్కువ వాటికి గిబ్సన్ దాన్ని తప్పనిసరి చేసింది, ధరలూ పెంచింది. కొనేవాళ్ళు ఎదురుతిరిగారు. 2016కల్లా అది కోరుకున్నవారికి మాత్రమే ఇచ్చే సదుపాయంగా కుదించుకుపోయింది. 2018 మేలో గిబ్సన్ దివాలా రక్షణ కోరింది. తర్వాతి గిటార్ల వరసల్లో ఈ అమరిక కనిపించలేదు. ఇష్టపడినవారికి అమ్మి ఉంటే మంచిపేరు తెచ్చుకోగలిగిన పరికరం, అందరి నెత్తినా రుద్దడం వల్ల చెడ్డపేరు మూటగట్టుకుంది. ఫలితంగా ఇప్పుడు మరమ్మతుకు వచ్చే స్వయంశ్రుతి గిటార్లలో చాలావాటికి వయసు మీద పడింది, విడిభాగాలు అరుదు. లోపం ఎక్కడుందో సరిగ్గా తేల్చుకోకుండా భాగాలు మార్చడం వీటి విషయంలో మరీ ఖరీదైన పొరపాటు.

అయిదు మైక్రాన్ల పని

తీగ పౌనఃపున్యం దాని పొడవు, బరువు, బిగువు మీద ఆధారపడుతుంది. బిగువు నాలుగింతలైతే పౌనఃపున్యం రెండింతలవుతుంది. శ్రుతిలో తేడాలను సెంట్లలో కొలుస్తారు. ఒక ఫ్రెట్ నుంచి పక్క ఫ్రెట్‌కు ఉన్న స్వరాంతరంలో నూరో వంతు ఒక సెంటు. అయిదారు సెంట్ల తేడాను అలవాటున్న చెవి పసిగడుతుంది.

గిబ్సన్ గిటార్లలో నట్ నుంచి బ్రిడ్జి దాకా మోగే పొడవు సుమారు 628 మిల్లీమీటర్లు. 0.010 అంగుళాల మందమున్న మొదటి తీగను 329.63 హెర్ట్జ్ దగ్గర నిలపాలంటే దాదాపు ఏడు కిలోల బరువు వేలాడదీసినంత బిగువు కావాలి. ఆ బిగువుకు తీగ నాలుగు మిల్లీమీటర్లకు పైగా సాగి ఉంటుంది. ఇక్కడి నుంచి శ్రుతిని ఒక్క సెంటు మార్చడానికి తీగ చివరను జరపవలసిన దూరం సుమారు 5 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో ఇది పదో వంతు కూడా కాదు. తీగ చుట్టుకునే ఇరుసు వ్యాసం 6 మిల్లీమీటర్లనుకుంటే, అది తిరగవలసింది డిగ్రీలో పదో వంతు. 16:1 గేరు ఉన్న మామూలు బిరడలో అది పిడి దగ్గర ఒకటిన్నర డిగ్రీ అవుతుంది. ఇంత సన్నని కదలికను మోటారు చేయగలదు. ఆ కదలిక తీగ మోగే భాగానికి చెక్కుచెదరకుండా చేరుతుందా అన్నదే సందేహం.

అందువల్ల పరీక్ష యంత్రాన్ని ఆపేసి మొదలుపెట్టాలి. తయారీదారు చెప్పిన పద్ధతిలో బిరడలను చేత్తో తిప్పి, విడి ట్యూనర్ సాయంతో గిటార్‌ను శ్రుతి చేసి, కాసేపు గట్టిగా వాయించాలి. చేత్తో చేసిన శ్రుతి కూడా నిలవకపోతే ఎలక్ట్రానిక్స్ జోలికి వెళ్ళనక్కరలేదు. చేత్తో చేసింది నిలిచి, యంత్రం చేసింది మాత్రమే తప్పుతుంటే అప్పుడు సెన్సర్, మోటారు, బ్యాటరీలను అనుమానించవచ్చు. ఈ ఒక్క పరీక్షతో అనుమానాల్లో సగం తేలిపోతాయి.

నట్ దగ్గర పట్టు

గిబ్సన్ తరహా గిటార్లలో తల భాగం మెడ నుంచి 17 డిగ్రీల దాకా వెనక్కి వాలి ఉంటుంది. తీగ నట్ గాడి మీదుగా అంత మలుపు తిరిగి బిరడను చేరుతుంది. మలుపు తిరిగే తీగకు ఘర్షణ వల్ల రెండు వైపులా బిగువు ఒకేలా ఉండదు. రేవులో పెద్ద పడవ తాడును గుంజకు నాలుగు చుట్లు చుట్టి ఒక్క మనిషి ఆపగలగడం ఈ సూత్రం వల్లే. ఘర్షణ గుణకం 0.2, మలుపు 17 డిగ్రీలు అనుకుని లెక్క వేస్తే, తీగ జారకముందు బిరడ వైపు బిగువు మోగే భాగపు బిగువు కన్నా 6 శాతం దాకా పెరగగలదు. 6 శాతం బిగువంటే సుమారు 50 సెంట్లు, అంటే అర ఫ్రెట్ దూరం! ఇది గరిష్ఠ అంచనా మాత్రమే. మీటిన ప్రతిసారీ తీగ కంపనమే ఘర్షణను కొంత వదులు చేస్తుంది కాబట్టి వాడుకలో తేడా ఇంతకన్నా బాగా తక్కువ. అయినా ఇందులో పదో వంతు మిగిలినా శ్రుతి చెడినట్టే.

యంత్రం వైపు నుంచి చూస్తే జరిగేది ఇది. స్వరం తక్కువగా వినబడింది, మోటారు బిగించింది, స్వరం కదల్లేదు. ఇంకొంచెం బిగించింది, అయినా కదల్లేదు. మూడోసారికి నట్ దగ్గర టింగుమని చిన్న చప్పుడుతో తీగ ఒక్కసారిగా జారి స్వరం హద్దు దాటింది. ఇప్పుడు వదులు చేయడం మొదలైంది, అటువైపూ అదే తంతు. ఎర్ర దీపం, పచ్చ దీపం మారిమారి వెలుగుతాయి, వినియోగదారుడు మోటారు పాడైందనుకుంటాడు. ఎలాగో పచ్చ దీపం దగ్గర ఆగినా, తర్వాత ఒక తీగను వంచి వాయించగానే నట్ అవతల దాగిన తీగ ఇటు జారి శ్రుతి దిగిపోతుంది. మూడో తీగ, నాలుగో తీగ ఈ జబ్బుకు ముందు లోనవుతాయి. తలకు చెరోవైపు మూడేసి బిరడలున్న గిటార్లలో ఈ రెండు తీగలూ వెనక్కే కాక పక్కకూ వంగి వెళతాయి. మలుపు పెరిగితే ఘర్షణా పెరుగుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి పరికరాలేమీ అక్కరలేదు. నట్‌కూ బిరడకూ మధ్య ఉన్న తీగ ముక్కను వేలితో ఒకసారి నొక్కి వదిలి, స్వరం కొలవాలి. స్వరం పెరిగి అక్కడే ఉండిపోతే తీగ నట్‌లో పట్టుకుంటోందని అర్థం. గాడిలో మెత్తని పెన్సిల్ గ్రాఫైట్ పొడి రాస్తే చాలా గిటార్లు దారికొస్తాయి. పాత తీగల కన్నా లావువి వేసినప్పుడు గాడి ఇరుకైపోతుంది. అప్పుడు ఆ మందానికి సరిపడే ఆకురాయితో, అదీ చెయ్యి తిరిగిన వాళ్ళ చేత, గాడిని సవరించాలి. 2015 గిబ్సన్ గిటార్లకు ఎత్తు మార్చుకునే ఇత్తడి నట్ ఉండేది. అది అరిగి తీగలు గాట్లలో ఇరుక్కుంటున్నాయని ఫిర్యాదులు రావడంతో దాని స్థానంలో టైటానియం నట్ వచ్చింది. ఆ ఏటి గిటార్లలో జి-ఫోర్స్ మీద వచ్చిన నిందలో కొంత వాటా ఈ ఇత్తడిది.

నట్ తర్వాత చూడవలసింది తీగ చుట్టు. ఇరుసు మీద ఎక్కువ చుట్లు వేస్తే అవి మెల్లగా బిగుసుకుంటూ శ్రుతిని దించుతాయి. బిగింపు మర ఉన్న బిరడల్లో తీగను లాగి పట్టి, మర బిగించి, మిగిలింది కత్తిరిస్తే ఒక చుట్టు కూడా అవసరం లేదు. కొత్త తీగలు మొదట్లో సాగుతూనే ఉంటాయి. వాటిని చేత్తో పైకి లాగి సాగదీసి, శ్రుతి చేసి, మళ్ళీ సాగదీయకుండా యంత్రానికి అప్పగిస్తే అది పాటపాటకూ తిరుగుతూ బ్యాటరీ ఖర్చు చేస్తుంది. గేరు పళ్ళ మధ్య సందు మరో విషయం: తీగను వదులు చేస్తూ స్వరానికి చేరితే ఆ సందు మిగిలిపోయి, వాయించేటప్పుడు తీగ దాన్ని తినేస్తుంది. అందుకే ఎప్పుడూ కిందికి దించి పైకి బిగిస్తూ రావాలి.

యంత్రపు చెవి

ఆరు తీగలూ ఒకేసారి మోగినప్పుడు విడదీసి వినడం మనిషికే కష్టం. మామూలు శ్రుతిలో ఆరో తీగ 82.41 హెర్ట్జ్, అయిదోది 110, నాలుగోది 146.83, మూడోది 196, రెండోది 246.94, మొదటిది 329.63. ప్రతి తీగా తన ప్రాథమిక స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల అనుస్వరాలనూ పలుకుతుంది. ఆరో తీగ మూడో అనుస్వరం 247.2 హెర్ట్జ్, అది రెండో తీగ పక్కనే వచ్చి కూర్చుంటుంది. ఆరో తీగ నాలుగో అనుస్వరమూ, అయిదో తీగ మూడో అనుస్వరమైన 330 హెర్ట్జూ రెండూ మొదటి తీగ మీదే పడతాయి. 330కీ 329.63కీ తేడా రెండు సెంట్లే. మొదటి తీగ కొద్దిగా తప్పి ఉన్నా, లావు తీగలు గట్టిగా మోగితే అది శ్రుతిలో ఉన్నట్టే యంత్రానికి తోచవచ్చు. అన్నీ కుదిరి మొదటి రెండు తీగలే సతాయిస్తున్నాయంటే ముందుగా అనుమానించవలసింది దీన్ని. మిగతా తీగలను అరచేత్తో ఆపి, ఆ ఒక్క తీగనే మీటితే సమస్య అక్కడికక్కడే తేలుతుంది.

సెన్సర్ ఎక్కడుందన్నదాన్ని బట్టి ఈ ఇబ్బంది పెరుగుతుంది, తగ్గుతుంది. 2007 నాటి అమరికలో బ్రిడ్జి మీద తీగ తీగకూ పీజో స్ఫటికాలు ఉండేవి. ఒత్తిడి మారితే వాటిలో విద్యుత్తు పుడుతుంది. తీగకొక చెవి ఉంటే గందరగోళం తక్కువ, కాని వైర్లు, కనెక్టర్లు ఎక్కువ. ఒక్క తీగనే యంత్రం గుర్తించడం లేదంటే ఆ తీగ కిందనున్న స్ఫటికం, దాని వైరు చూడాలి. తల వెనక పెట్టె ఉండే తర్వాతి అమరిక చెక్క గుండా వచ్చే కంపనాన్ని వింటుంది. దానికి వైర్ల బెడద లేదు గాని, వేదిక మీద డ్రమ్ములూ బేస్ స్పీకర్లూ గిటార్ చెక్కను కదిలించినప్పుడు అదీ వింటుంది. పెట్టె మరలు వదులైతే అసలు కంపనమే సరిగా చేరదు. ఇంట్లో చక్కగా పనిచేసి కచేరీలో తడబడే గిటార్‌కు ఇవి రెండూ చూడాలి.

అయస్కాంత పికప్ ద్వారా వినే ట్యూనర్లకు మరో శత్రువు ఇంటి కరెంటు. మన దేశంలో సరఫరా 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేని చోట ఆ హోరు, దాని 100, 150 హెర్ట్జ్ అనుస్వరాలు పికప్‌లోకి చొరబడతాయి. 150 హెర్ట్జ్ నాలుగో తీగ స్వరానికి 37 సెంట్లు మాత్రమే పైన ఉంటుంది. నాలుగో తీగ రీడింగు అకారణంగా ఊగుతుంటే ఆంప్లిఫయర్ వైరు పీకి, ట్యూబ్‌లైటుకు దూరంగా జరిగి చూడాలి.

మీటే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. గట్టిగా మీటిన తీగ మొదటి క్షణంలో ఎక్కువ సాగుతుంది కాబట్టి దాని స్వరం కొన్ని సెంట్లు పైన మొదలై, కంపనం తగ్గేకొద్దీ దిగి నిలబడుతుంది. యంత్రం ఆ మొదటి క్షణాన్ని పట్టుకుంటే తీగను తక్కువకు శ్రుతి చేస్తుంది. మెత్తగా, ఒకే తీరుగా మీటాలని వాడుక పుస్తకాలు చెప్పేది ఇందుకే. తుప్పు పట్టిన, ఫ్రెట్ల దగ్గర నొక్కుకుపోయిన పాత తీగల బరువు పొడవునా సమానంగా ఉండదు. వాటి అనుస్వరాలు పూర్ణాంక నిష్పత్తుల్లో నిలవవు. అలాంటి తీగతో ఏ ట్యూనరూ స్థిరమైన అంకె చూపించదు. సెన్సర్ మార్చే ముందు తీగలు మార్చి చూడటం చవక.

ఒకటి బిగిస్తే అయిదు దిగుతాయి

సాధారణంగా వాడే 10–46 తీగల సెట్టు మొత్తం మీద 40 కిలోలకు పైగా బరువుతో మెడను లాగుతుంది. ఒక తీగ బిగువు మారితే మెడ వంపు కాస్త మారి మిగతా వాటి శ్రుతీ కదులుతుంది. గట్టి బ్రిడ్జి ఉన్న గిటార్‌లో ఈ ప్రభావం కొద్దే, మరోసారి మీటితే సర్దుకుంటుంది. స్ప్రింగుల మీద తేలే ట్రెమొలో బ్రిడ్జి అయితే అలా కాదు. అక్కడ ఆరు తీగల లాగుడూ వెనకనున్న స్ప్రింగుల లాగుడూ తూకంలో నిలుస్తాయి. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జి ముందుకు వాలి మిగతా అయిదూ దిగుతాయి. యంత్రం ఆరింటినీ సరిచేస్తూ చుట్లు కొడుతూనే ఉంటుంది, శ్రుతి మార్చి వేరే వరసకు వెళ్ళమన్నప్పుడు మరీనూ. బ్రిడ్జి వెనక చెక్క ముక్క బిగించి అది వెనక్కి ఊగకుండా ఆపడం వంటి ఉపాయాలు కొంత పనిచేస్తాయి. తీగలను నట్ దగ్గర బిగించేసే ఫ్లాయిడ్ రోజ్ తరహా అమరికలో తలలోని మోటారు ఎంత తిరిగినా మోగే భాగానికి ఏమీ చేరదు. ఆ రెండింటికీ పొత్తు కుదరదు.

వేడి ప్రభావం చిన్నదేమీ కాదు. ఉక్కు తీగ 10 డిగ్రీలు వేడెక్కితే, మెడ మారలేదనుకుంటే, మొదటి తీగ సుమారు 15 సెంట్లు దిగుతుంది. ఏసీ గదిలో శ్రుతి చేసి ఆరుబయటి వేదిక దీపాల కిందికి తెచ్చిన గిటార్ శ్రుతి తప్పడం లోపం కాదు. గిటార్‌ను పావుగంట అక్కడి గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు మీట నొక్కాలి.

మోటారుకు బలం చాలకపోవడానికి మొదటి కారణం బ్యాటరీ. లిథియం బ్యాటరీ పాతబడ్డాక ఊరకే ఉన్నప్పుడు వోల్టేజి బాగానే చూపి, మోటారు తిరగగానే కుంగిపోతుంది. దీపాలు వెలుగుతాయి, మోటారు మూలుగుతుంది, లేదా మధ్యలో పెట్టె మొత్తం ఆరిపోతుంది. 10–46 సెట్టులో అయిదో తీగకూ నాలుగో తీగకూ బిగువు ఎక్కువ కాబట్టి నీరసం ముందు అక్కడ బయటపడే వీలుంది. బ్యాటరీ పూర్తిగా నింపి, లోహపు స్పర్శ తలాలను పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ ప్రయత్నించాలి. అప్పటికీ ఒకే బిరడ ఆగిపోతుంటే ఆ తీగ తీసేసి ఖాళీగా తిప్పి చూడాలి. ఖాళీగా తిరిగితే తీగ మరీ లావుదో, నట్ పట్టేసిందో. ఖాళీగానూ తిరగకపోతే మోటారో గేరో పోయింది.

పచ్చ దీపం, అపశ్రుతి

అన్ని దీపాలూ పచ్చగా ఉండి కూడా గిటార్ మిగతా బృందంతో కలవకపోతే చూడవలసింది అమరికల పట్టిక. మధ్య స్థాయి ‘ఏ’ (A) స్వరానికి 440 హెర్ట్జ్ అన్నది 1975లో ఐఎస్ఓ 16 పేరుతో ఖాయం చేసిన ప్రమాణం. ఎవరో దాన్ని 432కు మార్చి ఉంటే గిటార్ మొత్తం 32 సెంట్లు దిగి, తనలో తాను మాత్రం చక్కగా కలిసి ఉంటుంది. ఒక్క ఆరో తీగ మాత్రమే రెండు ఫ్రెట్లు తక్కువ పలుకుతుంటే అది డ్రాప్-డి వరసలో ఉందని గ్రహించాలి.

వట్టి తీగలు సరిగా పలికి, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు తప్పితే శ్రుతి యంత్రం చేయగలిగింది లేదు. బ్రిడ్జి మీది శాడిల్‌ను ముందుకో వెనక్కో జరపాలి: నొక్కిన స్వరం ఎక్కువ పలికితే తీగ పొడవు పెంచాలి, తక్కువ పలికితే తగ్గించాలి. మూడో రకం ఫిర్యాదు అసలు లోపమే కాదు. గిటార్ ఫ్రెట్లు సమ విభజన మీద కట్టినవి. అందులో అంతర గాంధారం షడ్జమానికి 400 సెంట్ల పైన ఉంటుంది. తంబూరా మంద్ర తీగలో దానంతట అది వినబడే గాంధారం 386 సెంట్ల దగ్గరది. తంబూరాకు అలవాటు పడిన చెవికి గిటార్ మేజర్ కార్డు 14 సెంట్లు కరుకుగా తోస్తే, తప్పు చెవిదీ కాదు, యంత్రానిదీ కాదు.

మోటారు లేని స్వయంశ్రుతి పద్ధతులకు పరీక్ష వేరు. ఎవర్‌ట్యూన్ బ్రిడ్జి పూర్తిగా యాంత్రికం: ప్రతి తీగకూ ఒక స్ప్రింగు, మీట కలిసి బిగువును స్థిరంగా ఉంచుతాయి. బిరడను కొంత మేర తిప్పినా స్వరం మారని మండలం అందులో ఉంటుంది. తీగ వంచినా స్వరం పైకి వెళ్ళడం లేదని ఫిర్యాదు వస్తే బ్రిడ్జి పాడవలేదు, తీగ ఆ మండలం నడిమధ్య ఉంది. స్వరం పెరగడం మొదలయ్యే అంచు దాకా బిరడ బిగిస్తే వంపులు మళ్ళీ పలుకుతాయి. 2012 నాటి పీవీ ఏటీ-200 గిటార్‌లో తీగల శ్రుతి అసలు మారదు. ఆంటారెస్ సంస్థ సాఫ్ట్‌వేర్ ధ్వనిని సరిచేసి ఆంప్లిఫయర్‌కు పంపుతుంది. చిన్న గదిలో తక్కువ శబ్దంతో వాయిస్తే తీగల అసలు స్వరమూ, స్పీకర్ సరిచేసిన స్వరమూ కలిసి వినబడి అపశ్రుతిగా తోస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే నిజం తెలుస్తుంది. దానికి మందు తీగలను కూడా దాదాపు సరైన శ్రుతిలో ఉంచుకోవడమే.

ఇన్ని పరీక్షల తర్వాత లోపం పెట్టెలోనే ఉందని తేలితే, మొదట బ్యాటరీని బయటికి తీసి చూడాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీని మళ్ళీ ఛార్జి చేయకూడదు, గుచ్చకూడదు. అది మంటలు రేపగలదు. కాలిన మోటారుకు బదులు దొరకనప్పుడు మొత్తం అమరికను విప్పి, ఇరుసు రంధ్రాల వ్యాసం కొలిచి, సరిపడే మామూలు బిరడలు బిగించడం మిగిలిన దారి. మోటార్ల బరువు పోయి తల తేలికవుతుంది కాబట్టి వాయించేవారికి గిటార్ తూకం కొంత మారినట్టు అనిపిస్తుంది. విప్పిన భాగాలను మరలతో సహా విడిగా భద్రపరిస్తే, ఎప్పుడైనా పనిచేసే పెట్టె దొరికినప్పుడు తిరిగి అమర్చుకోవచ్చు.